బండికి కనబడని మనిషి

శిష్యులు ఏదైనా అడిగితే ఆచార్య పేర్రాజుగారు నోటితో జవాబు చెప్పడం తక్కువ. చాలాసార్లు ప్రశ్న వినగానే లేచి ఎటో వెళ్లిపోయేవారు. ఆయన శిష్యురాలు ప్రసూనకు మొదట్లో అది చిన్నతనంగా అనిపించేది.

ఆసుపత్రి వరండాల్లో మందులూ భోజనాలూ తనంతట తానే మోసుకెళ్లే బండిని ఆమె తయారు చేసింది. దాని ముందు భాగంలో ఒక కెమెరా ఉంది. అది కంటికి కనిపించని వెలుగును చిమ్మి, ఆ వెలుగు ఎదుట ఉన్నదానికి తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం కొలుస్తుంది. మీటరు లోపల ఏదైనా ఉంటే బండి ఆగిపోవాలి. తెల్ల అట్ట అడ్డుపెట్టి చూసింది. తెల్లకోట్లు తొడుక్కున్న తోటి విద్యార్థులను నిలబెట్టి చూసింది. ప్రతిసారీ బుద్ధిగా ఆగింది. అయినా దాన్ని ఆసుపత్రికి పంపడానికి గురువుగారు ఒప్పుకోవడం లేదు.

ఒక మధ్యాహ్నం ప్రయోగశాలలో ప్రసూన ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఎన్నిసార్లు కొలిచినా అదే అంకె వస్తోంది సార్. నమ్మడానికి ఇంకేం కావాలి?"

ఆయన లేచారు. కిటికీకి వేలాడుతున్న మందపాటి నల్ల మఖమల్ పరదాను ఊడదీసి, నెత్తి మీదుగా పాదాల దాకా కప్పుకొని, వెళ్లి బండికి ఎదురుగా దూరంగా నిలబడ్డారు. కదిలించమని చేత్తో సైగ చేశారు.

బండి కదిలింది. దాన్ని ఆపే మీట ప్రసూన చేతిలోనే ఉంది, చూపు మాత్రం కెమెరా కొలిచిన దూరం చూపించే స్క్రీన్ మీద ఉంది. ముందు ఇంకా చాలా జాగా ఉందని అంకె చెబుతోంది. ఇప్పుడు తగ్గుతుంది, ఇప్పుడు ఆగుతుంది అనుకుంటూ ఆమె ఆ అంకెనే చూస్తూ నిలబడింది.

ధబ్బుమని చప్పుడైంది.

తలెత్తి చూస్తే గురువుగారు నేల మీద ఉన్నారు. పరదా మొహం మీంచి తొలగి, కళ్లజోడు ఎగిరి గోడ దగ్గర పడింది. బండి ఆగలేదు, పరదా మీదికి చక్రం ఎక్కించి ఆయన భుజాన్ని ఇంకా నెడుతూనే ఉంది. ప్రసూన వేళ్లు కొయ్యబారిపోయాయి. మీట నొక్కాలన్న సంగతి తెలుస్తోంది, చెయ్యి మాట వినడం లేదు. ఎలాగో నొక్కి పరుగెత్తింది. స్క్రీన్ మీద దారి ఖాళీగానే ఉంది.

మఖమల్ తన మీద పడ్డ వెలుగును దాదాపు మొత్తం మింగేసిందనీ, గోడలకు తగిలి చుట్టూ తిరిగొచ్చిన వెలుగునే కెమెరా లెక్కలోకి తీసుకుందనీ ఆమెకు తర్వాత అర్థమైంది. ఆ క్షణంలో మాత్రం ఒక్కటే తోచింది. నిండు మనిషి పట్టపగలు కళ్లెదుట ఉన్నాడు, బండీ చూడలేదు, తనూ చూడలేదు.

ఆయన మోచెయ్యి దోక్కుపోయి రక్తం కారుతోంది. ఆమె చెయ్యి అందించింది. మీదికి వస్తుంటే పక్కకు తప్పుకోవచ్చు కదా సార్ అని అడిగింది.

పేర్రాజుగారు గోడను పట్టుకొని మెల్లగా నిలబడ్డారు.

"ఇక్కడ కాబట్టి లేవగలిగానమ్మా. ఆసుపత్రి వరండాలో తప్పుకోలేనివాళ్లే ఎదురొస్తారు" అన్నారు.