ఒక్కసారే ఇచ్చే మందు

క్రాంతికి నిదానమంటే ఒళ్ళు మంట.

"నిదానం కడుపు నిండినవాళ్ళ సిద్ధాంతం మేడమ్! బయట ఇంకో పిల్లాడు ఎదురుచూస్తున్నాడు. వైద్యం దానం కాదు, హక్కు" అన్నాడు స్కానింగ్ గదిలో.

మెదడు ఆపరేషన్లలో అతనికి గురువు డాక్టర్ ఖుర్షీద్. ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు.

"హక్కే, నాయకుడుగారూ. మందు పంపు మాత్రం ముట్టుకోకండి."

బల్ల మీద నాలుగేళ్ళ మహిమ మత్తులో ఉంది. పుట్టుకతోనే ఒక జన్యువు పనిచేయక, ఆ పిల్లకి మెడ నిలవదు. సరైన జన్యువును మోసుకెళ్ళే మందు సన్నటి గొట్టంలోంచి మెదడు లోతుకి చుక్కచుక్కగా దిగుతోంది. స్కాన్‌లో అది తెల్లమచ్చలా కనిపిస్తుంది. ఆ మచ్చ పెరిగే తీరు చూసి వేగం సరిచేయాలి. కుడివైపు అయిపోయింది. ఎడమవైపు నడుస్తోంది.

ఖుర్షీద్ మత్తు డాక్టరుతో మాట్లాడ్డానికి అటు తిరిగింది. క్రాంతి పంపు వేగం పెంచాడు.

తర్వాతి స్కాన్‌లో మచ్చ పెరగలేదు. గొట్టం వెంబడే ఒక తెల్లగీత పైకి పాకింది. మందు చేరాల్సిన చోట ఆగకుండా వెనక్కి కారిపోతోంది.

ఆమె పంపు ఆపింది. అప్పటికే చాలా పోయింది.

"ఇంకో డోసు తెప్పిద్దాం మేడమ్. కంపెనీ ఇవ్వనంటే రోడ్డెక్కుదాం!"

"ఇది ఒంటికి ఒక్కసారే క్రాంతీ. రెండోసారి ఇస్తే ఒళ్ళే దాన్ని అడ్డుకుంటుంది. ఎవరి మీద రోడ్డెక్కుతావు?"

మర్నాడు వార్డులో, తల్లి రూతు కూతురి తలని అరచేతిలో పట్టుకుని కూర్చుని ఉంది. ఖుర్షీద్ వెనకే క్రాంతి, దారంతా మాటలు పేర్చుకుంటూ వచ్చాడు.

"అమ్మా, ఈ దేశంలో పేదవాడి ప్రాణానికి..."

"ముందు పిల్ల తల పట్టుకో" అంది ఖుర్షీద్.

పట్టుకున్నాడు. కట్టు కింద వెచ్చగా, అనుకున్నదానికంటే బరువుగా ఉంది. చెయ్యి కాస్త కదిలితే చాలు, పక్కకి వాలిపోతోంది.

"ఇప్పుడు చెప్పు."

క్రాంతి రూతు వైపు తిరిగాడు.

"నేను తొందరపడ్డానమ్మా. ఎడమవైపు మందు కారిపోయింది."

"మళ్ళీ ఎక్కించరా?"

"కుదరదు."

"కుడిపక్కది?"

"సరిగ్గానే పడింది."

"అయితే మెడ నిలబడుద్దా సార్?"

"తెలీదమ్మా."

రూతు అతని చేతికింద తన చెయ్యి పెట్టింది.

"ఇటివ్వండి. మీకు చెయ్యి తిమ్మిరెక్కుద్ది. నాకలవాటే."

ఖుర్షీద్ ఆమె చేతిని మెల్లగా వెనక్కి తీసింది.

"ఉండనివ్వమ్మా. అతనికింకా అలవాటు కాలేదు."