కోడి గుణం పట్టిన వంగ

గుమ్మడవలసలో తెలివంటే సింగినాయుడి ఇంటిదే. ఈ మాట ఊరు అనలేదు, సింగినాయుడే అన్నాడు. అనడానికి తగిన తెలివి ఊళ్ళో ఇంకెవరికీ లేక, ఆ పని కూడా తన నెత్తినే పడిందని అతని బాధ. ఇంట్లో ఉండేది ముగ్గురు: అతను, భార్య నూకాలమ్మ, ఆవిడ తమ్ముడు దాలయ్య. ఎవరేం చెప్పినా పొల్లు పోకుండా పాటించడం ముగ్గురికీ అలవాటు.

వాళ్ళింట్లో ఒక తెల్ల గుండ్రటి వంకాయ రకం ఉంది. కూర వండితే పక్కింటివాళ్ళు గిన్నె పట్టుకుని వచ్చేస్తారు. ఆ విత్తనం ఇంకెక్కడా దొరకదు, వాళ్ళ సొరబుర్రలో గుప్పెడు తప్ప. సింగినాయుడి తల్లి పోయేముందు ఆ బుర్ర అతని చేతిలో పెట్టి, "నాయనా, ఈ విత్తనం పోనీకురా" అంది. కానీ ఏటా సగం కాయలు పురుగు తొలిచేస్తోంది.

ఒకరోజు వ్యవసాయ ఆఫీసు నుంచి మేడమ్ వచ్చి రచ్చబండ దగ్గర కూర్చుని చెప్పింది. "మట్టిలో కంటికి కనపడని ఒక సూక్ష్మజీవి ఉంటుంది. దాంట్లోంచి ఒక జన్యువు తీసి వంగ కణంలోకి ఎక్కిస్తారు. ఆ కణం నుంచి పెంచిన మొక్కని కొరికితే కాయ తొలిచే పురుగు చస్తుంది. ఇదంతా పెద్ద ల్యాబుల్లో జరిగే పని. తిన్నవాళ్ళకి ఏమవుతుందో ఏళ్ళ తరబడి చూస్తారు. పుప్పొడి పక్క చేలకి పోకుండా చూడాలి. పురుగులకీ కొంత చోటు వదలాలి, లేకపోతే అవి మొక్కలోని విషానికి అలవాటు పడిపోతాయి."

సింగినాయుడు ఇంటికొచ్చి చాప మీద కూర్చున్నాడు. "కనపడని జీవిని ఎక్కడని పట్టుకుంటాం? మన నల్లపెట్ట కనపడుతోంది కదా. పురుగు కంటబడితే వదలదు. దాని గుణమే ఎక్కిద్దాం."

"పెట్ట అంతుంది, విత్తనం ఇంతే ఉంది. ఎలా ఎక్కుతుంది బావా?" అన్నాడు దాలయ్య.

"ఓరి పిచ్చోడా, విత్తనాన్నే పెట్టలోకి ఎక్కిస్తే సరి! లోపల అవీ అవీ చూసుకుంటాయి."

అంతే. సొరబుర్ర బోర్లించారు. నల్లపెట్ట టకటకా మొత్తం ఎక్కించేసుకుంది. మూడు రోజులు నూకాలమ్మ చేట పట్టుకుని దాని వెనకాలే తిరిగింది. దొరికిందంతా తెచ్చి మడిలో చల్లితే, ఎవరి అదృష్టమో గానీ, ఏడు మొక్కలు లేచాయి.

ఇంకేముంది, మేడమ్ చెప్పినవన్నీ మొదలయ్యాయి. పూత రాగానే ముగ్గురూ గట్టు మీద నిలబడి, గాలి ఎటు వీస్తే అటు వెళ్ళి, పుప్పొడి వెనక్కి పోయేలా చేటలతో విసిరారు. పురుగులకి చోటు వదలాలి కదా, అరుగు మీద చాప పరిచారు. తోటలో పురుగుల్ని ఒక్కొక్కటే ఏరి తెచ్చి పడుకోబెట్టారు. "పరాయి ఇల్లనుకోకండమ్మా" అని నూకాలమ్మ మర్యాద కూడా చేసింది. వచ్చిన చుట్టాలని వచ్చినట్టే నల్లపెట్ట మింగేసింది.

అంతే, తోటలో పురుగన్నది లేదు. "చూశారా, కోడి గుణం పట్టేసింది!" అని సింగినాయుడు ఊరంతా తిరిగి చెప్పాడు. కాయ చూడకుండానే సగం ఊరు, అవి తింటే ఈకలు మొలుస్తాయంది. మిగతా సగం, తింటే మోకాళ్ళ నొప్పులు పోతాయంది. కాయలు కాశాక, తెల్లగా గుండ్రంగా ఉన్నాయని నూకాలమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"మీ వంకాయలు ఎప్పుడూ తెల్లవే కదే!" అంది పక్కింటి బోడెమ్మ.

"అప్పటి తెలుపు వేరు, ఇప్పటి తెలుపు వేరు. ఇవి గుడ్లు" అంది నూకాలమ్మ. ఆ రోజు శనివారం. నీచు ముట్టకూడదని ముగ్గురూ వంకాయ కూర పక్కనపెట్టి పచ్చడితో తిన్నారు. కూర పరీక్ష కోసం ఆదివారం దాలయ్యకి పెట్టి, తెల్లారేదాకా కూస్తాడేమోనని మంచం పక్కన కాపలా కాశారు. గురక పెట్టాడు గానీ కూయలేదు.

కాయలు దాదాపు అయిపోయాక మేడమ్ మళ్ళీ వచ్చింది. సంగతంతా విని తల పట్టుకుంది. "నాయుడు గారూ, మీ మొక్కకి ఏ గుణమూ ఎక్కలేదు. గుప్పెడు విత్తనంలో ఏడు మొక్కలే మిగిలాయి! ఉన్న ఈ రెండు కాయలైనా విత్తనానికి ఉంచండి. పసుప్పచ్చగా పండి పగిలేదాకా జాగ్రత్తగా చూసుకోండి."

సింగినాయుడికి తల్లి మాట గుర్తొచ్చింది. ఆ రెండు కాయల్నీ కోసి, గడ్డి పరిచిన గంపలో పెట్టి, పైన దుప్పటి కప్పాడు. పొలం మానేశాడు. పొద్దస్తమానం గంపని వెచ్చగా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాయలు పసుప్పచ్చగా తిరిగాయి. పదిహేనో రోజున టప్పుమని పగిలి, గింజలన్నీ గంపలో రాలాయి.

"పిల్లలు లేచాయే!" అని కేకేశాడు. ఆనందం పట్టలేక ఏడ్చేశాడు.

నూకాలమ్మ వంగి చూసింది. "ఎంత చిన్నవయ్యా! కళ్ళు కూడా తెరవలేదు. తల్లి లేకుండా చలికి ఉంటాయా?"

అంతే. దాలయ్య పరుగెత్తి నల్లపెట్టని తెచ్చి గంపలో వదిలాడు. పైన ఇంకో గంప బోర్లించారు. లోపల టకటకా చప్పుడైంది. ముద్దు పెట్టుకుంటోందంది నూకాలమ్మ.

సాయంత్రం గంప ఎత్తి చూస్తే గింజ లేదు. నల్లపెట్ట ఒళ్ళు ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది.

సింగినాయుడు వేలు పెదవుల మీద పెట్టుకుని, మెల్లగా గంప దించేశాడు. "ష్... గట్టిగా మాట్లాడకండి. పిల్లలన్నీ తల్లి రెక్కల కింద నిద్రపోతున్నాయి."