వెలగలపాడు మోకాటిరాయి

గుండ్లకమ్మ ఒడ్డున వెలగలపాడులో ఉన్న సున్నపు గోడల ప్రార్థనాలయాన్ని జనం మోకాటిరాయి గుడి అని పిలుస్తారు. గడప బయట, మెట్లకు ఎడమపక్కన, రెండు గుంటలు పడిన నల్లబండ ఉంటుంది. దూరప్రాంతాల విశ్వాసులు ముందు ఆ బండను తాకి, తరువాతే లోపలికి వెళతారు. మోకాళ్ల నొప్పులున్నవారు దానికి కొబ్బరినూనె రాస్తారు. ఆ గుంటలు ఎవరి మోకాళ్లవో, ఆమె లోపలికి రాకుండా బయటే ఎందుకు ఉండిపోయిందో అడిగేవారు తక్కువ. అడగకపోవడమే ఊరికీ సుఖం.

పూర్వం ఇక్కడ రాహేలమ్మ అనే వితంతువు ఉండేది. ప్రభురాత్రి భోజనపు వెండిగిన్నెను చింతపండుతో తోమి బీరువాలో పెట్టడం ఆమె పరిచర్య. తోమేది ఈ బండ మీదే. కూలికి పోయి చేతులు కాయలు కాచినా, ఆ గిన్నె పట్టుకునేటప్పుడు వేళ్లకు ఎక్కడలేని మెత్తదనం వచ్చేది. నెలకొకసారి ప్రభువు బల్ల దగ్గర అందుకునే రొట్టెముక్క కోసమే తక్కిన రోజులు ఈడుస్తున్నానని చెప్పుకునేది.

ఒక ఏడు ఏరు పొంగి గుడిలోకి నీళ్లొచ్చాయి. సంఘపెద్ద జెకర్యా నడుములోతు నీళ్లలో వచ్చి, గిన్నెను ఇంటికి పట్టుకుపోయి వడ్లగాదెలో దూర్చాడు. అంతవరకు మంచి పనే చేశాడు. ఆ తడికి జ్వరం తగిలి నెల్లాళ్లు మంచం పట్టాడు. లేచేసరికి గిన్నె సంగతే మనసులో లేదు. ప్రభురాత్రి భోజనం ఇచ్చే సంస్కారపు ఆదివారం బీరువా ఖాళీగా కనిపించగానే, అది రాహేలమ్మ చేతుల్లో ఉండే వస్తువే కదా అని అందరికంటే ముందు అన్నది ఆయనే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది ఆయన వ్యవహారం. పెద్దలు కూర్చుని ఆమెను బల్లకు దూరం పెట్టారు, గడప దాటవద్దన్నారు.

రెండేళ్లకు గాదె అడుగంటా ఊడ్చినప్పుడు గిన్నె జెకర్యా చేతికే తగిలింది. అప్పుడు చెప్పినా సరిపోయేది. చెప్పలేదు. తెల్లవారకముందే తీసుకొచ్చి గుడి మెట్ల మీద పెట్టి పోయాడు. దొంగకు దేవుడి భయం పట్టిందని, రాహేలమ్మే తెచ్చి పెట్టిందని ఊరు అనుకుంది. పాస్టరుగారు దయగల మనిషి, ఒక్కసారి తప్పు ఒప్పుకుంటే ఈ ఆదివారమే బల్లకు రావచ్చని ఆమెకు కబురు పంపారు.

ఒక్క అబద్ధం చాలు, రొట్టె చేతికొస్తుంది. రాహేలమ్మ ఆ రాత్రంతా ఏడ్చింది. పొద్దున పాస్టరుగారితో, "చెయ్యని దొంగతనం చేశానని దేవుడి ముందర ఎట్టా చెప్పేదయ్యా?" అంది. ఆ ఆదివారం నుంచి ఈ బండ మీదే మోకరించి, తెరిచిన తలుపులోంచి బల్లను చూస్తూ ప్రార్థన చేసుకునేది. ఎండకు గొడుగు పట్టినవారు లేరు.

పదకొండేళ్లు గడిచాయి. భార్య పోయిన దుఃఖంలో జెకర్యా ఒకనాడు ఆమె గుడిసెకు వచ్చి ఉన్నదంతా చెప్పాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుని చాలాసేపు ప్రార్థించింది. బయటికి వచ్చేసరికి ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు.

"క్షమించాను పెద్దయ్యా. ఆ మాట గుళ్లో ఒక్కసారి చెప్పు. నాకు రొట్టెముక్క అందితే చాలు."

వచ్చే సంస్కారానికి చెబుతానని ఆయన మాట ఇచ్చాడు. ఆ రోజు లేచి నిలబడ్డాడు, దగ్గాడు, కూర్చున్నాడు. ఆ తరువాతి నెలా అంతే. నలుగురిలో తల ఎత్తుకోలేనని ఆమెతో చెప్పుకున్నాడు. తనే బయటపెట్టవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది, ఆమెకూ తోచే ఉంటుంది. క్షమించానన్నాక మళ్లీ మనిషిని బజారుకీడిస్తే ఆ మాటకు విలువేముందని ఊరుకుంది. బండ మీద ఆయన పేరు పెట్టి, ఆయనకు ధైర్యమిమ్మని ప్రార్థించేది. లోపల ఆయనకు వినిపించేది.

నాలుగో సంస్కారం రోజున ముసురు పట్టింది. ఆరాధన ముగిసి బయటికి వచ్చినవారికి రాహేలమ్మ మోకాళ్ల మీదే ఒరిగిపోయి కనిపించింది. అప్పటికి ప్రాణం లేదు.

సమాధి దగ్గర జెకర్యా అంతా చెప్పాడు. అప్పుడు చెప్పడానికి ఏ అడ్డూ రాలేదు. పాస్టరుగారు గుడికి పరుగెత్తి రొట్టెముక్క తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక ఈ బండ మీద పెట్టారు. దాన్ని కాకులు తిన్నాయి.

నాటి నుంచి సంస్కారానికి ముందు సంఘపెద్దలు ఒక్కొక్కరు ఈ బండ మీద మోకరించి, తాము అన్యాయం చేసిన మనిషిని పేరు పెట్టి చెప్పి, బిగ్గరగా క్షమాపణ అడగాలని కట్టుబాటు. చేసిన పాపం చెబితే పోతుందన్నారు కదా. అలా అడిగినవారికి ప్రభువు బల్ల దగ్గర చోటు ఎన్నడూ తప్పదని ఇక్కడివారి నమ్మకం. కట్టుబాటు నేటికీ నడుస్తోంది. ఇప్పుడు బండ మీద మెత్త వేస్తున్నారు. పెద్దలు మోకరించే వేళకు లోపల మైకులో పాట అందుకుంటారు, పెదవులు కదలడం మాత్రం కనిపిస్తుంది.

ఈ బండను తాకి మోకాళ్ల నొప్పులు తగ్గినవారు చాలామంది ఉన్నారు. ఒకరి పేరు పైకి చెప్పి క్షమించమని అడిగినవారు మాత్రం, జెకర్యా తరువాత, ఇంతవరకు ఒక్కరూ లేరు.