తూము కాపరి ఎర్ర బూట్లు

కాళ్లు ముడుచుకుని కుదురుగా కూర్చోండి. మధ్యలో ఎవరైనా గిల్లుకున్నారో, కథ అక్కడే ఆపేస్తాను. తర్వాత ఎంత బతిమాలినా చెప్పను.

అనగనగా ఒక అడవి. ఎక్కడుంది అని అడక్కండి, నేనూ చూడలేదు. ఆ అడవిలో ఒక చెరువు, ఆ చెరువుకు మట్టి గట్టు. గట్టు కింద పల్లంలో కుందేళ్ల బొరియలు. వానలకు చెరువు నిండితే తూముకు అడ్డంగా ఉన్న పలకని పైకి లాగాలి. అప్పుడు నీళ్లు పక్క కాలువలోకి పోతాయి. లాగకపోతే గట్టు తెగుతుంది. గట్టు తెగితే బొరియలూ ఉండవు, బొరియల్లో పిల్లలూ ఉండరు.

ఆ పలక లాగే పని గుబురయ్య అనే ఎలుగుబంటిది. వాడి బలం అంతా ఇంతా కాదు. కానీ ఏం లాభం? వరదకు కొట్టుకొచ్చిన తుమ్మకంపలన్నీ తూము దగ్గర నీళ్లడుగున పేరుకుంటాయి. ఒట్టి కాళ్లతో దిగితే ముళ్లు దిగబడతాయి. అందుకే తూము కాపరికి మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు ఉండాలి. పాత బూట్లు ఆరు వానాకాలాలు పనిచేసి, ఆ ఏడాది పూర్తిగా అరిగిపోయాయి.

కాపరికి బూట్లు కొనిపెట్టడం కుందేళ్ల ఆనవాయితీ. ఇంటింటికీ ఇన్నని ఇప్పపూలు ఏరి ఒక గంప నింపాయి. చెవులమ్మ అనే తల్లి కుందేలు ఆ గంపను గుబురయ్య ముందు పెట్టింది.

"గుబురన్నా, ముసురు పట్టేలోగా మంచి బూట్లు కొనుక్కో. నాకు మొన్ననే ముగ్గురు పిల్లలు పుట్టారు. మా బొరియే అన్నిటికన్నా కింద ఉంది" అంది.

"నేనుండగా నీకెందుకమ్మా భయం?" అన్నాడు గుబురయ్య, గంప ఎత్తుకుంటూ.

ముందుగా ముళ్లపంది సూదమ్మ దుకాణానికి వెళ్లాడు. సూదమ్మ దగ్గర ఒక జత నల్ల బూట్లు ఉన్నాయి. దళసరిగా, బరువుగా, చూడ్డానికి ఏ సొగసూ లేకుండా ఉన్నాయి.

"ముందు చీలమండ దగ్గర వంచి చూడు, తెల్ల గీత పడకూడదు. తర్వాత అడుగు పట్టుకుని లాగి చూడు, ఊడి రాకూడదు. ఆఖరికి లోపల పొడి బూడిద పోసి నీళ్లతొట్టిలో నిలబెట్టు. నేను ఈ దుంప తినడం అయ్యేదాకా ఆగు. బూడిద తడవకపోతేనే కొనుక్కో. నా దగ్గర కొన్నా అంతే, ఇంకో చోట కొన్నా అంతే" అంది సూదమ్మ.

"ఇంత గంపకి రెండే బూట్లా అత్తా?"

"రెండేరా. పలక లాగేటప్పుడు నువ్వు నిలబడేది వెనక కాళ్ల మీదేగా?"

గుబురయ్యకి మనసొప్పలేదు. "అలా తిరిగొస్తా" అని మెల్లగా జారుకున్నాడు.

మలుపులో నక్క చెంగప్ప దుకాణం. తాడుకి ఎర్రెర్రటి బూట్లు వేలాడుతున్నాయి. తళతళా మెరిసిపోతున్నాయి.

"రండి గుబురయ్యగారూ! అదే గంపకి నాలుగు బూట్లు. దేవుడు నాలుగు కాళ్లిస్తే రెండింటికే తొడుగుతారా? మిగతా రెండూ ఏం పాపం చేశాయి?" అన్నాడు చెంగప్ప.

ఆ మాట గుబురయ్యకి భలే నచ్చింది. అయినా సూదమ్మ మాట గుర్తొచ్చి, "కాస్త బూడిద ఉంటే ఇలా ఇవ్వు, పరీక్ష చేస్తా" అన్నాడు.

చెంగప్ప రెండు చెవులూ మూసుకున్నాడు. "అయ్యయ్యో! కొత్త వస్తువులో బూడిదా? ఇంతకన్నా అపశకునం ఉంటుందా? అలాంటి బూట్లు తొడుక్కుని మీరు నీళ్లలోకి ఎలా దిగుతారు?"

గుబురయ్యకి శకునాల పిచ్చి. ఎవరైనా తుమ్మితే ఆ పూటంతా గుహ దాటడు. నక్కకి ఆ సంగతి తెలుసు. ఇంకేముంది, వంచలేదు, లాగలేదు, బూడిద పొయ్యలేదు. గంప అక్కడ పెట్టి, నాలుగు బూట్లూ తొడుక్కుని టకటకా నడిచొచ్చాడు.

దారిలో సూదమ్మ చూసింది. ఆ నల్ల బూట్లను తీసి లోపల దాచింది. తర్వాత ఎవరడిగినా ఇవ్వలేదు.

ముసురు పట్టింది. మొదటి రోజు చెరువు సగానికి వచ్చింది. రెండో రోజు గట్టుకి బెత్తెడు కిందకి చేరింది. మూడో రోజు పొద్దున్నే కుంభవృష్టి. గట్టు పైనుంచి సన్నటి ధార బొరియల వైపు జారడం మొదలైంది.

"గుబురన్నా! నీళ్లొస్తున్నాయి!" అని పల్లంలోంచి చెవులమ్మ కేక పెట్టింది.

గుబురయ్య నాలుగు బూట్లతో నీళ్లలోకి దూకాడు. వెనక కాళ్ల మీద నిలబడి పలక పట్టుకోబోయాడు. పట్టు దొరికితేగా! ముందు కాళ్లకి బూట్లుంటే గోళ్లు ఎలా ఆనుతాయి? జర్రుమని జారిపోయాయి. ఆ రెండూ విదిలించి పారేశాడు. మళ్లీ పలక పట్టుకుని బలంగా లాగాడు.

పర్రుమంది. పలక కాదు, ఎడమ బూటు! చీలమండ దగ్గర చీలి, లోపలికి నీళ్లు, బురద దూరాయి. కాలు కదలడం లేదు. కుడి కాలు గట్టిగా ఊన్చి పైకి లేవబోయాడు. బూటు అడుగు ఊడి బురదలోనే ఉండిపోయింది. ఉత్త కాలు కంపలో పడింది.

"అమ్మో!" అని అడవంతా దద్దరిల్లేలా అరిచాడు. కాలంతా నెత్తురు. చిరిగిన బూట్లు వదిలించుకుని, ఎలాగో గట్టెక్కి కూలబడ్డాడు.

కింద చెవులమ్మ ఒక పిల్లని నోట కరుచుకుని మిట్ట మీదికి చేర్చింది. పరుగున పోయి రెండోదాన్ని తెచ్చింది. మూడోదానికోసం వెళ్లేసరికి బొరియ మూతి మీదుగా నీళ్లు పారుతున్నాయి.

"అన్నా! లాగన్నా! నా చిన్నది లోపలే ఉంది!" అని ఏడ్చింది.

గుబురయ్య ఒట్టి కాళ్లతోనే మళ్లీ దిగబోయాడు. మొదటి అడుగుకే ముల్లు గుచ్చుకుని పడిపోయాడు.

అప్పుడు వానలో రొప్పుకుంటూ వచ్చింది సూదమ్మ. మెడకి కట్టుకున్న నల్ల బూట్లు విప్పి వాడి ముందు పడేసింది.

"ఏడవడానికి తర్వాత తీరిక ఉంటుంది. ముందు తొడుక్కో!" అంది.

నెత్తురోడే కాళ్లకే తొడుక్కున్నాడు. నీళ్లలోకి దిగాడు. అడుగున ముళ్లు పటపటా విరుగుతున్నాయి గానీ ఒక్కటీ లోపలికి రావడం లేదు. పలక పట్టి లాగాడు. కదల్లేదు. మళ్లీ లాగాడు. కిర్రుమంది. పళ్లు బిగించి మూడోసారి లాగాడు. పలక పైకొచ్చేసింది! చెరువు నీళ్లన్నీ హోరుమంటూ కాలువలోకి దూకాయి. గట్టు మీద ధార ఆగిపోయింది.

చెవులమ్మ బొరియలో తలదూర్చింది. చాలాసేపు బయటికి రాలేదు. చివరికి బురదముద్దలా ఉన్న చిన్నదాన్ని కరుచుకుని వచ్చింది. ఆ పిల్ల రెండుసార్లు దగ్గి, కీచుమంది. సూదమ్మ కూడా కళ్లు తుడుచుకుంది!

గుబురయ్య కుంటుకుంటూ వచ్చి చెవులమ్మ ముందు తల దించుకున్నాడు.

"తప్పయిపోయిందమ్మా. నా కాళ్లే కదా, నా ఇష్టం అనుకున్నాను."

చెవులమ్మ వాడివైపు చూసింది.

"ఆ బూట్లలో నిలబడింది నువ్వొక్కడివే కాదన్నా. నా పిల్లలు కూడా నిలబడ్డారు" అంది.

గుబురయ్య కాళ్లు మానాక, మళ్లీ ఇప్పపూలు రాలే రోజుల్లో ఒంటరిగా అడవంతా తిరిగి, ఒక గంప నింపి సూదమ్మ ముందు పెట్టాడు. చెంగప్ప అప్పటికే దుకాణం ఎత్తేసి పోయాడు లెండి.

"తీసుకో అత్తా. ఈ బూట్లు నీవే కదా" అన్నాడు. ఆ బూట్లు విప్పి, తొట్టి పక్కన కూర్చున్నాడు. "ఒక వానాకాలం వాడాను. ఇంకా గట్టిగా ఉన్నాయో లేదో చూడాలి. కాస్త బూడిద ఇస్తావా?"

"అపశకునం కాదుట్రా?" అంది సూదమ్మ.

"ఆ రోజు బొరియ మూతి మీద నీళ్లు చూశాను కదత్తా. అపశకునం అంటే ఏమిటో ఇప్పుడు తెలుసు" అన్నాడు గుబురయ్య.

సూదమ్మ గుప్పెడు బూడిద తెచ్చి ఇచ్చి, పక్కనే కూర్చుని దుంప కొరకడం మొదలుపెట్టింది.

నీతి: పనికొచ్చే వస్తువుని మెరుపు చూసో, ఎక్కువ వస్తున్నాయనో కొనకండి, పరీక్షించి కొనండి. అది పాడైతే మనల్ని నమ్ముకున్నవాళ్లకీ ముప్పే.