మిసిసిపీ దాటని పాఠం

తిరుపాలు మిసిసిపీ నది ఒడ్డున ఇరుక్కుపోయాడు. వారం పైనే అయింది. అవతలి గట్టుకు చేరే దారే కనబడడం లేదు.

అమెరికా వెళ్ళి ఇరుక్కున్నాడనుకునేరు. అతనికి పాస్‌పోర్టే లేదు. ఇరుక్కున్నది నందికొట్కూరులో, మద్దిలేటి సారు ఇంటి వరండాలో, ఒక వైరు కుర్చీలో.

కాలేజీలో అమెరికా చరిత్ర పాఠం ఏళ్ళ తరబడి మద్దిలేటి సారుదే. ఆయన రిటైరయ్యాక అది ఆయన శిష్యుడు తిరుపాలుకే వచ్చింది. సారుకు ఒక పద్ధతి ఉంది. ఏ పాఠమైనా క్లాసులో చెప్పేముందు ఇంట్లో ఒక మనిషికి చెప్పి చూసుకోవాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన భార్య వరాలమ్మకు చెప్పేవారట. ఆమె బియ్యం ఏరుకుంటూనే అమెరికా అంతర్యుద్ధం మొత్తం వినేసిందని కాలేజీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇప్పుడు తిరుపాలు సారుకు చెప్పాలి. సారు "బాగుంది" అంటే క్లాసుకు వెళ్ళొచ్చు.

ఆ ఒక్క మాట కోసం తిరుపాలు చదువుకునే రోజుల నుంచీ మొహం వాచి ఉన్నాడు. ఫస్టు క్లాసులో పాసైనప్పుడు సారు "ఊఁ" అన్నారు. ఉద్యోగం వచ్చిందని స్వీటు డబ్బా పట్టుకెళ్తే, స్వీటు తిని "ఊఁ" అన్నారు. ఆ తర్వాతి మాట ఎక్కడ దాచుకున్నారో ఆయనకే తెలియాలి.

నిజానికి తిరుపాలు దగ్గర సరంజామా అంతా సిద్ధంగా ఉంది. రైలు పట్టాలున్నాయి, ఉక్కు కొలుములున్నాయి, చమురు బావులున్నాయి. పనామా కాలువ తవ్వి పెట్టుకున్నాడు. యుద్ధనౌకలకు తెల్లరంగు వేయించి, ప్రపంచం చుట్టూ తిప్పడానికి వరసగా నిలబెట్టాడు. దేశం అగ్రరాజ్యం కావడానికి కాలు దువ్వుతుంటే, సారు నదే దాటనివ్వడం లేదు.

"మిసిసిపీకి అవతల అంతా ఖాళీ నేల. జనం బండ్లు కట్టుకుని పడమరకు బయల్దేరారు..."

"మళ్ళీ చెప్పప్పా."

మర్నాడు నెపోలియన్ దగ్గర నేల కొన్న కథ కలిపాడు. మళ్ళీ చెప్పమన్నారు. ఆ మర్నాడు సాగు చేసుకున్నవాళ్ళకే భూమి అన్న చట్టం కలిపాడు. మళ్ళీ. అడవిదున్నల మందల్ని కూడా తోలుకొచ్చి వరండాలో నిలబెట్టాడు. ఊహూఁ.

చివరికి శనివారం సాయంత్రం, సూ, నవాహో అంటూ అక్కడి ఆదివాసీ తెగల పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. "వీళ్ళందరినీ వేరే చోట్లకు తరలించారు. దాంతో నేల ఖాళీ అయింది. జనం బండ్లు కట్టుకుని..."

కాఫీ గ్లాసులు తెస్తున్న వరాలమ్మ గుమ్మంలోనే ఆగింది. సారు వీధిలోకి చూస్తూ ఉండిపోయారు.

"మళ్ళీ," అన్నారు.

తిరుపాలుకు ఉక్రోషం ముంచుకొచ్చింది. "సోమవారం కాలేజీ తెరుస్తారు సార్. నా మొదటి క్లాసు. ఎక్కడ తప్పింది? పేరు తప్పా? తేదీ తప్పా?"

"తప్పేం లేదప్పా."

"అయితే బాగుందని ఒక్కసారి అంటే ఏం పోతుంది సార్? ఎన్నేళ్ళు ఎదురుచూడాల నేను?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. సారు కోప్పడలేదు. కాఫీ ఊదుకుంటూ, "రేపు పొద్దున్నే బండేసుకొని రా. మా ఊరికి పోదాం," అన్నారు.

తిరుపాలు తెల్లబోయి వరాలమ్మ వైపు చూశాడు. సారు ఊరు సిద్ధులపాడు. రిజర్వాయరు కట్టినప్పుడు నీళ్ళ కింద పోయింది. అప్పటికి తిరుపాలు పుట్టనే లేదు.

"నీళ్ళు తగ్గినాయంటలే," అందామె. "ఎండాకాలం చివర కొన్నాళ్ళు బయటపడుతుంది. టోపీ పెట్టుకొని రా నాయనా, అక్కడ చెట్టు కూడా లేదు."

పొద్దున ఇద్దరూ బండి మీద బయల్దేరారు. సారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెళ్ళికి వెళ్తున్నవాడిలా వెనక కూర్చున్నారు. ఒళ్ళో చిత్రాన్నం క్యారియరు.

గట్టు దిగేసరికి ఊరేమీ లేదు. నెర్రెలిచ్చిన ఒండ్రు మట్టి, నత్తగుల్లలు, అక్కడక్కడా రాళ్ళ వరసలు. దూరంగా రిజర్వాయరు నీళ్ళు మెరుస్తున్నాయి. ఆ బయలులో పదీ పదిహేను మంది ముసలీ ముతకా, క్యారియర్లు ముందు పెట్టుకుని, ఒకరికొకరు ఆమడ దూరాన కూర్చుని ఉన్నారు. అంత దూరంలో కూర్చుని కబుర్లు మాత్రం మానలేదు. గొంతు చించుకుంటున్నారు.

"ఏమే ఈరమ్మా, ఏం తెచ్చుకొంటివి?"

"గోంగూర! నీకు పెట్టన్లే, నువ్వు రాకు!"

తిరుపాలుకు నవ్వొచ్చింది. "ఆ అరుపులెందుకు సార్? అందరూ ఒకచోట కూర్చోవచ్చు కదా."

"ఎవరింట్లో వాళ్ళు కూర్చుంటారు కదప్పా," అన్నారు సారు, అదేం ప్రశ్న అన్నట్టు.

ఆయన నడక కూడా వింతగా ఉంది. తిన్నగా వెళ్తే నాలుగడుగులయ్యే దారిని ఒకచోట కుడికి తిరిగి, ఇంకోచోట ఎడమకు తిరిగి, చుట్టుకుని వెళ్తున్నారు. తిరుపాలుకు అంత ఓపిక లేదు. అడ్డంగా పడి నడిచాడు.

"ఓ పిల్లోడా!" ఈరమ్మ కేక వేసింది. "చెప్పులేసుకొని నా వంటింట్లోకొస్తివే! పొయ్యి తొక్కుతాండావు, కండ్లు కనపడల్యా?"

తిరుపాలు ఉలిక్కిపడి కిందికి చూశాడు. మట్టి, నత్తగుల్లలు. అయినా ఎందుకో రెండు కాళ్ళూ ఎత్తెత్తి వేస్తూ బయటపడ్డాడు. ముసలామె పకపకా నవ్వింది.

సారు ఒకచోట ఆగారు. చెప్పులు విడిచారు. పొడుగు మనిషి, నడుము దాకా వంగి, ఏదో దాటుతున్నట్టు కాలెత్తి వేసి, లోపలికి వెళ్ళి కూర్చున్నారు. లోపలికి అంటే ఆ మట్టిలోకే. నీడపట్టున కూర్చున్నట్టు, చెమట కూడా తుడుచుకోలేదు. పక్కనున్న ఖాళీలోకి, ఎప్పటి అలవాటో, ఒకసారి చెయ్యి చాపి, అక్కడ ఏదీ తగలక, ఆ చేతిని మెల్లగా ఒళ్ళో పెట్టుకున్నారు.

తిరుపాలు పక్కనుంచి వచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు.

"ఎటునుంచి వస్తివప్పా?"

"ఇటునుంచే సార్."

"అది గోడ."

తిరుపాలు నవ్వాడు. సారు నవ్వలేదు.

నీళ్ళ మీది గాలి వచ్చి సారు చొక్కా కాలరు కదిపి పోయింది. అవతల ఎవరో ఈరమ్మను గోంగూర అడుగుతూనే ఉన్నారు. ఆమె లేదంటూనే గిన్నె పట్టుకుని లేచింది. తిన్నగా వెళ్ళలేదు. తన వాకిట్లోంచి వీధిలోకి వచ్చి, వీధి తిరిగి, ఎదురింటికి వెళ్ళింది. తిరుపాలు ఆమె వెళ్ళినంత మేరా చూశాడు.

"ఊఁ," అన్నారు సారు. "చెప్పు. మిసిసిపీ అవతల?"

తిరుపాలు నోరు తెరిచాడు. పాఠమంతా నాలుక చివరే ఉంది. పట్టాలు, కొలుములు, నౌకలు, అన్నీ. అన్నిటినీ అక్కడే వదిలేశాడు.

లేచి, వచ్చిన వైపే బయటికి పోబోయి, ఆగాడు. ఎటు పోవాలో తెలియక సారు వైపు చూశాడు. సారు గడ్డంతో చూపించారు. అటునుంచి బయటికి వెళ్ళి, వీధి చివరిదాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. సారు చెప్పుల పక్కన తన చెప్పులు విడిచాడు.

"సార్, లోపలికి రావచ్చునా?"

"రాప్పా," అన్నారు మద్దిలేటి సారు. "తల జాగ్రత్త."