పటంలో లేని చోటు

గుర్రం ఒంటి మీద సూదులు గుచ్చే చోట్లన్నీ లోద్రోకి కంఠతా వచ్చు. అడిగితే తడుముకోకుండా చెబుతాడు. అడక్కపోయినా చెబుతాడు.

ఏటా చలికాలానికి ముందు అతనూ, అతని గురువు యేషే అనే ముసలి సన్యాసీ కనుమ కింద డేరా వేసుకుని, కొండ దాటబోయే బిడారుల పశువులకు సూది వైద్యం చేసేవారు. ఆ ఉదయం గురువు ఏటికి నీళ్లకు వెళ్లినప్పుడు, ఉప్పు వ్యాపారి పల్జోర్ తన ఆడగుర్రాన్ని నడిపించుకొచ్చాడు. అది కుడి వెనక కాలు నేలకు ఆనించలేకపోతోంది.

"మావాళ్లు మూటలు ఎత్తుతున్నారు స్వామీ. ఇవాళ దాటకపోతే మంచుకి దారి మూసుకుపోతుంది," అన్నాడు పల్జోర్. "ఇది నడవకపోతే బతికుండగా తోడేళ్లకి వదల్లేను. పదకొండేళ్లు నాతో తిరిగింది."

అతని చెయ్యి నడుముకున్న కత్తి మీద ఉంది.

గుర్రం కరుస్తుందని లోద్రో దాని మూతికి తాడు చుట్టి బిగించాడు. తల కదలకుండా గుంజకు కట్టాడు. సూది చోట్లు గుర్తులు పెట్టిన గుర్రం బొమ్మ పటం ఓసారి చూసుకుని, కుంటికాలికి చెప్పిన చోట్లలో తొమ్మిది సూదులు గుచ్చాడు. ఒక్కటీ గురి తప్పలేదు. గుర్రం చెమటలు కక్కుతూ నిలబడింది కానీ కాలు మోపలేదు.

అవతల బిడారు గంటలు మోగాయి. పల్జోర్ కత్తి ఒరలోంచి తీశాడు.

అంతలో గురువు వచ్చాడు. నీళ్లకుండ దించి, సూదులన్నీ తీసేశాడు. తర్వాత గుర్రం తలకీ, మూతికీ కట్టిన తాళ్లు విప్పాడు.

"గురువుగారూ, కరుస్తుంది," అన్నాడు లోద్రో.

గురువు బొటనవేలితో గుర్రం నడుము నుంచి మెడ వైపు మెల్లగా నొక్కుతూ వచ్చాడు. ఎడమ భుజం వెనక నొక్కాడో లేదో, అది గిరుక్కున తల తిప్పి ఆయన ముంజేతిని కరిచి పట్టుకుంది.

లోద్రో తాడు అందుకోబోయాడు.

"తాడొద్దు. సూది తే," అన్నాడు గురువు. "నా వేలున్న చోట గుచ్చు."

ముంజేతి మీద నెత్తురు కనబడుతోంది. లోద్రో భయపడ్డాడు. సూది పట్టుకున్న చెయ్యి వణికింది.

"నీకు వణుకు తగ్గేదాకా నేను ఆగుతాను," అన్నాడు గురువు. "అదీ ఆగుతుంది."

లోద్రో ఊపిరి పీల్చుకుని గుచ్చాడు. గుర్రం చెవులు ముందు మెత్తబడ్డాయి, తర్వాత దవడలు వదులయ్యాయి. అది గురువు చెయ్యి వదిలేసి, తల దించి, పెద్దగా నిట్టూర్చింది. కుడి వెనక కాలు నేల మీద మోపింది.

పల్జోర్ కత్తి ఒరలో పెట్టేసి, గుర్రం మెడ పట్టుకుని ఏడ్చాడు. దాని మీద మూట వెయ్యకుండా, పక్కనే నడుస్తూ తీసుకెళ్లాడు.

గురువు ఏటినీళ్లతో చెయ్యి కడుక్కుంటున్నాడు. లోద్రో పటం విప్పి మళ్లీ మళ్లీ వెతికాడు.

"ఆ చోటు ఇందులో లేదు గురువుగారూ. మీకెలా తెలిసింది?"

"నాకు తెలీదు. అది చెప్పింది," అన్నాడు గురువు. "నీకూ చెప్పేదే. నువ్వు మూతి కట్టేశావు."

లోద్రో పటం మడిచేశాడు. కింద పడి ఉన్న తాడు తీసి, గురువు ముంజేతి మీది పంటిగాట్ల వంక చూస్తూ ఉండిపోయాడు.