కాలిన మీసం, బోడికొండ

ఒకానొక కొండసీమను గజకేసరి అనే రాజు ఏలేవాడు. ఆయనకు ప్రజలంటే ఎంత ప్రేమో చెప్పలేం గానీ, తన మీసమంటే మాత్రం పంచప్రాణాలు.

కొత్తకోటకు సున్నం కావాలని మొగలికొండ మీది అడవినంతా నరికించి బట్టీల్లో తగలేయించాడు. మిగిలిన చిగుళ్లను రాజుగారి మేకలమంద మేసేసింది. కొండ బోడిదయింది. దాని ఊట మీద బతికే వాగు ఎండిపోయింది. కింది పల్లెవాళ్లు వలస పోదామని మూటాముల్లె సర్దుకోసాగారు.

ఆ పల్లెలోనే పుట్టిన ఆస్థాన విదూషకుడు పేరిశాస్త్రి సభలో లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, వానలకు ముందే కొండమీద మొక్కలు నాటిద్దాం. మేకలను దించేద్దాం," అని వేడుకున్నాడు.

రాజు మీసం దువ్వాడు. "ఆ అడవిని ఎవడు నాటాడయ్యా? దానంతటదే మొలిచింది. దానంతటదే మళ్లీ మొలుస్తుంది. మనకెందుకు శ్రమ?"

సభంతా భళాభళీ అంది.

కొత్త బట్టీకి తొలినిప్పు రాజే పెట్టాలని అక్కడి ఆచారం. మర్నాడు గజకేసరి దర్జాగా వంగి కాగడా అందించాడు. మంట భగ్గుమంది. ఎడమవైపు మీసం కాస్తా మాడి మసయింది!

సంగతి బయటికి పొక్కకూడదని రాజు శాస్త్రిని ఏకాంతంగా పిలిచాడు. "గుంటగలగరాకు నూనెతో పూటపూటా మర్దన చేయించు. మీసం మొలిచేదాకా పూచీ నీదే."

మూడు రోజులైనా నూనెచుక్క రాలేదు. పైగా మంగలి రోజూ వచ్చి, శాస్త్రిగారి మాటేనంటూ ఆ పక్కన నున్నగా గీసి పోతున్నాడు. రాజు మండిపడ్డాడు.

"ఏమయ్యా, నూనె ఏదీ? రోజూ కత్తి పెడితే ఎలా మొలుస్తుందయ్యా?"

శాస్త్రి చేతులు కట్టుకున్నాడు. "మీ మీసాన్ని ఎవరు నాటారు ప్రభూ? దానంతటదే మొలిచింది. దానంతటదే మళ్లీ మొలుస్తుంది. మనకెందుకు శ్రమ? ఇక కత్తంటారా, కొండమీద మీ మేకలు రోజూ చేసే పని అదేగా!"

రాజు ముఖం జేవురించింది. కిటికీలోంచి బోడికొండను చూశాడు. అద్దంలో తన మూతిని చూసుకున్నాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"గెలిచావయ్యా! ఏం కావాలో కోరుకో."

"ఆ కొండ కాపలా నాకివ్వండి ప్రభూ."

బట్టీలు చల్లారాయి. మేకలు దిగొచ్చాయి. తొలకరికి రాజే మొదటి గుంత తవ్వాడు. పల్లెవాళ్లు మూటలు విప్పి పలుగులు పట్టారు.

ఏడాది తిరిగేసరికి రాజుగారి మీసం మళ్లీ మెలితిరిగింది. కొండమీద మొక్కలు మోకాలెత్తే ఎదిగాయి. వాగు పారలేదు గానీ, ఇసుకలో చెలమ తవ్వితే నీళ్లు పడుతున్నాయి.

"నా మీసం ఎప్పుడో పెరిగిందే. దీనికింత ఆలస్యమేమయ్యా?" అన్నాడు రాజు, కొండమీద మొక్కలకు నీళ్లు పోస్తూ.

"మీకు కాలింది ఒక పక్కే ప్రభూ. దీనికి మొత్తం గొరిగేశాం కదా!"

రాజు విరగబడి నవ్వి, తన బంగారు కంకణాన్ని శాస్త్రి చేతికి తొడిగాడు. ఆపైన మొక్కలకు పోయడానికి ఇంకో కడవ ఎత్తుకున్నాడు.